జ్యోత్స్న పేరు ఎందుకు విరిగింది?

మీ ఇంట్లో పెళ్ళి కుదిరిందనుకోండి. పెళ్ళికూతురు మీ అక్కయ్య. పేరు జ్యోత్స్న. శుభలేఖలు అచ్చువేయించాలి. నాన్నగారు వివరాలన్నీ ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి, మిమ్మల్ని వెంటబెట్టుకొని బజారులోని డీటీపీ షాపుకు వెళ్ళారు. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు కాగితం చూస్తూ టకటకా మీటలు నొక్కాడు. తెర మీద వినాయకుడి బొమ్మ, చుట్టూ మామిడి తోరణం, అన్నీ చక్కగా కుదిరాయి. పేరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇలా పడింది:

చి.ల.సౌ. జ్‌యోత్‌స్‌న

నాన్నగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇదేమిటి బాబూ, అమ్మాయి పేరు ముక్కలు ముక్కలుగా విరిగిపోయింది?"

"సాఫ్ట్‌వేరులో ఉన్న గొడవేనండీ. ఎప్పటినుంచో ఉంది. కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి, ఇది మాత్రం పోవడం లేదు. ఉండండి, పాత సిస్టంలో కొడతాను" అంటూ అతను మూలనున్న దుమ్ముపట్టిన కంప్యూటరు ముందుకు కుర్చీ జరుపుకున్నాడు. అయిదు నిమిషాల్లో జ్యోత్స్న పేరు ముత్యంలా తయారైంది.

విడ్డూరం కదూ! వేలకు వేలు పోసి కొన్న కొత్త సాఫ్ట్‌వేరు తప్పు రాసింది. ఇరవై ఏళ్ళ నాటిది సరిగా రాసింది. ఇంతకీ ఆ పాతది నిజంగా సరిగానే రాసిందా? అది కూడా తేల్చుకోవలసిన విషయమే. అందుకు ముందు కంప్యూటరు పుటలు కూర్చడం ఎలా నేర్చుకుందో కొంచెం చూడాలి.

సీసం నుంచి తెర దాకా

పూర్వం అచ్చాఫీసుల్లో కంపోజిటర్లు సీసపు అక్షరాలను గళ్ళపెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, వరుసగా పేర్చి, పుట తయారుచేసేవారు. తెలుగు కంపోజిటరు పని మరీ కష్టం. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, వత్తులు — ఏది ఏ గడిలో ఉందో చేతివేళ్ళకు తెలిసి ఉండాలి. వత్తు మర్చిపోతే మాట మారిపోతుంది.

1985లో అమెరికాలో ఆల్డస్ అనే కంపెనీ మెకింతోష్ కంప్యూటరు కోసం పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరును తెచ్చింది. బల్ల మీది కంప్యూటరుతోనే పుట మొత్తం కూర్చి, బొమ్మలు అతికించి, అచ్చుకు పంపించవచ్చు. ఆ కంపెనీ స్థాపకుడు పాల్ బ్రెయినర్డ్ ఈ పనికి డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అని పేరు పెట్టాడు. మన బజార్లలో బోర్డుల మీద కనిపించే 'డీటీపీ' అదే. 1994లో ఆల్డస్ అడోబీ కంపెనీలో కలిసిపోయింది. 1999లో అడోబీ ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేరును విడుదల చేసింది. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన ఏడో వెర్షనే చివరిది. 2004లో ఇక దాన్ని పెంచబోమని కంపెనీ ప్రకటించింది.

కంపెనీ వదిలేసినా మన తెలుగు డీటీపీ షాపులు మాత్రం దాన్ని వదలలేదు. ఎందుకో తెలియాలంటే జ్యోత్స్న అన్న మాటను విప్పి చూడాలి.

తొమ్మిది అంకెల పేరు

కంప్యూటరుకు అక్షరాలు రావు, అంకెలే వస్తాయి. కాబట్టి ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చుకోవాలి. ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే పట్టిక ఉండాలని తయారుచేసినదే యూనికోడ్. దాని మొదటి సంచిక 1991లో వచ్చింది. అందులో తెలుగుకు 128 గదులు కేటాయించారు. ఆ పట్టిక ప్రకారం 'జ' అంకె 3100. 'త' 3108. 'న' 3112. 'య' 3119. 'స' 3128. ఓత్వం 3147. పొల్లు 3149.

వత్తులకు విడిగా అంకెలు లేవని గమనించారా? అక్కడే ఉంది కిటుకు. ఒక హల్లు, దాని తర్వాత పొల్లు, ఆ తర్వాత ఇంకో హల్లు వస్తే, రెండో హల్లును వత్తుగా రాయాలని నియమం. ఆ లెక్కన జ్యోత్స్న అంటే 3100, 3149, 3119, 3147, 3108, 3149, 3128, 3149, 3112. మనకు కనిపించేవి రెండే అక్షరాలు. కంప్యూటరు దాచుకునేవి తొమ్మిది అంకెలు.

ఈ తొమ్మిది అంకెలను బొమ్మగా మార్చడం చిన్న పని కాదు. ముందు అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించాలి. మొదటి అక్షరంలో మూలం 'జ', యకారం వత్తు. ఓత్వం యకారం తర్వాత వచ్చింది కదా అని యకారానికి తగిలిస్తే కుదరదు. వెనక్కి తీసుకెళ్ళి 'జ'కు తొడగాలి. రెండో అక్షరంలో తకారం కింద సవత్తు, దాని పక్కనో కిందనో నవత్తు ఒకదానినొకటి తొక్కుకోకుండా సర్దాలి. ఇక 'కై' అన్నప్పుడు ఒకే గుర్తు రెండుగా చీలి, సగం పైన, సగం కింద కూర్చుంటుంది! మీరు రెండో తరగతిలోనే ఇదంతా నేర్చుకున్నారు కాబట్టి ఇందులో గొప్ప కనిపించదు. కంప్యూటరుకు మాత్రం ఒక్కొక్క నియమాన్నీ ఎవరో ఒకరు కూర్చొని రాసిపెట్టాలి.

ఈ పని చేసే భాగాన్ని మనం అక్షరాల మేస్త్రీ అనుకుందాం. అంకెలు ఇటుకలు. ఫాంటులో ఆకారాలూ, ఏ ఇటుకను ఎక్కడ పెట్టాలో చెప్పే ప్లానూ ఉంటాయి. మేస్త్రీ ఆ ప్లాను చదివి గోడ కడతాడు. మేస్త్రీని పిలవకపోతే ఏమవుతుంది? ఇటుకలు వచ్చినవి వచ్చినట్టే వరుసగా పరుచుకుంటాయి. జ మీద పొల్లు, పక్కన యో, తర్వాత త్, స్, న. మన శుభలేఖలో జరిగింది సరిగ్గా ఇదే. ఆ కొత్త సాఫ్ట్‌వేరు అంకెలను ఒక్కటి కూడా పోగొట్టలేదు. బొమ్మ గీయడంలోనే తప్పింది.

పాతది చేసిన మాయ

మరి పాత కంప్యూటరు ఎలా నెగ్గింది? దానికి ఈ మేస్త్రీ అనేవాడే తెలియదు. యూనికోడ్ కూడా తెలియదు. దాని ఫాంటులో ఉన్నవి 256 గదులే. వాటిలోనూ కొన్ని కంప్యూటరు సొంత పనులకు పోతాయి. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలే కాబట్టి అది హాయిగా సరిపోయింది.

మన సంగతి లెక్కవేయండి. 35 హల్లులు అనుకుందాం. ఒక్కొక్కదాని కింద 35 వత్తులు, ఒక్కొక్కదానికి 14 గుణింతాలు. 35 × 35 × 14 = 17,150. ఇవన్నీ వాడుకలో ఉండవు గాని, సగం తీసేసినా 256 గదుల్లో పట్టవు.

అందుకని మనవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. తెలుగు అక్షరాలను ముక్కలుగా కోశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ప్రతి వత్తూ ఒక ముక్క. ఆ ముక్కలను ఇంగ్లీషు అక్షరాలూ, ఇతర గుర్తులూ ఉండవలసిన గదుల్లో కూర్చోబెట్టారు. ఆపరేటరు తెలుగు మీట నొక్కితే మధ్యలో ఒక చిన్న సాఫ్ట్‌వేరు ఏ గదుల్లోని ముక్కలు కావాలో ఏరి పంపుతుంది. సీసపు అక్షరాల కంపోజిటరు చేసిన పనే ఇది! తెర మీదా కాగితం మీదా అందమైన తెలుగు. కంప్యూటరు మాత్రం తాను ఏదో పిచ్చి ఇంగ్లీషు రాస్తున్నాననుకుంటుంది. నాటకంలో ఆడవేషం కట్టిన మగవాడి లాంటిదన్నమాట, చూడడానికి సరే.

వేషం ఎప్పుడు బయటపడుతుందో తెలుసా? ఆ ఫైలును ఆ ఫాంటు లేని ఇంకో కంప్యూటరులో తెరవండి. అక్కయ్య పేరు స్థానంలో ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, డాలరు గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. కంప్యూటరులో 'జ్యోత్స్న' అని వెతికితే దొరకదు, ఎందుకంటే అక్కడ జ్యోత్స్న లేనే లేదు.

శుభలేఖ కాబట్టి పోనీ అనుకోవచ్చు. అదే పాఠ్యపుస్తకమైతే? చూపు లేని విద్యార్థులు కంప్యూటరులో పాఠాలు ఎలా చదువుకుంటారో మీకు తెలిసే ఉంటుంది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎన్‌వీడీఏ అనేది ఉచితంగానే దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. కాని అది చదివేది బొమ్మను కాదు, అంకెలను. వేషం కట్టిన తెలుగు పాఠాన్ని దానికి ఇచ్చారంటే, పక్కన కూర్చున్న మీకు చక్కటి తెలుగు పుట కనిపిస్తూ ఉండగానే, మీ స్నేహితుడి చెవిలో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వాన కురుస్తుంది. రేపు పరీక్ష పెట్టుకొని ఆ వాన వింటూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించండి.

విరిగిన పేరు ఉన్న కొత్త ఫైలును అదే సాఫ్ట్‌వేరుకు ఇస్తే 'జ్యోత్స్న' అని స్పష్టంగా పలుకుతుంది. ఒకటి కంటికి తప్పు, చెవికి ఒప్పు. ఇంకొకటి కంటికి ఒప్పు, చెవికి తప్పు. రెంటినీ ఒప్పు చేయలేమా?

మీట ఉంది, కాని దాక్కుంది

చేయగలం. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 లోనే పది భారతీయ భాషలను సరిగా కూర్చే మేస్త్రీని పెట్టారు. పేరు వరల్డ్ రెడీ కంపోజర్. దాన్ని ఎంచుకొని, మంచి యూనికోడ్ ఫాంటు పెడితే జ్యోత్స్న విరగదు. చిక్కల్లా ఏమిటంటే, సాఫ్ట్‌వేరు తెరవగానే పనిలో ఉండేది ఇంగ్లీషు లాంటి లిపుల మేస్త్రీ. తెలుగు మేస్త్రీని పిలవాలంటే పేరాగ్రాఫుకు సంబంధించిన ఒక కిటికీలో, మూలనున్న చిన్న జాబితా తెరిచి, అందులో ఎంచుకోవాలి. బొమ్మలు దిద్దే ఫోటోషాప్‌లోనూ ఇటువంటి ఎంపికే ఇంకో చోట ఉండేది. చేత్తో పని నేర్చుకున్న ఆపరేటరుకు ఆ జాబితా ఎవరు చూపిస్తారు? మీట ఉన్నదని తెలియనివాడికి అది లేనట్టే. ఏళ్ళ తరబడి "ఈ సాఫ్ట్‌వేరులో తెలుగు విరుగుతుంది" అనే మాటే షాపు నుంచి షాపుకు పాకింది.

ఇది లోపమా, కాదా అని వాదన పెట్టుకోవచ్చు. తయారుచేసినవారు "మేం అనుకున్నట్టే పనిచేస్తోంది, మీరే మీట మార్చుకోలేదు" అంటారు. తెలుగు అక్షరం కొట్టగానే అది తెలుగు అని 3100 అనే అంకె చెబుతూనే ఉన్నప్పుడు, తెలుగు మేస్త్రీని పిలవకపోవడం లోపమేనని నా అభిప్రాయం.

సాఫ్ట్‌వేరు లోపాన్ని బగ్ అంటారు. బగ్ అంటే పురుగు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్ 2 అనే కంప్యూటరు మొరాయిస్తే, విప్పి చూసినవారికి ఒక రిలేలో ఇరుక్కున్న చిమ్మట దొరికింది. దాన్ని లాగ్‌పుస్తకంలో అంటించి పెట్టారు. అయితే ఆ పేరు అప్పుడే పుట్టిందనుకోకండి. యంత్రాల్లో లోపాలను ఎడిసన్ 1878లోనే బగ్ అన్నాడు. ఆ చిమ్మటను తీసేయడం సులువే. సాఫ్ట్‌వేరు పురుగుల్లో కొన్ని ఎక్కడున్నాయో తెలిసి కూడా తీయలేరు. ఎందుకో ఒక ఉదాహరణ చూడండి.

మీ బడిలో కంప్యూటరు ఉంటే మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ తెరవండి. ఒక గడిలో 60 అని రాసి, ఆ గడిని తేదీగా చూపించమనండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. అటువంటి రోజు చరిత్రలో లేదు! శతాబ్ది సంవత్సరం లీపు కావాలంటే 400తో భాగింపబడాలి. 1900 అలా భాగింపబడదు. ఈ తప్పు అసలు 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే సాఫ్ట్‌వేరుది. లోటస్‌లో లెక్కలు రాసుకున్నవారు తమ ఫైళ్ళను ఎక్సెల్‌లో తెరిస్తే తేదీలు మారిపోకూడదని, ఎక్సెల్ తయారుచేసినవారు ఆ తప్పును తెలిసే కాపీ కొట్టారు. ఇప్పుడు దాన్ని దిద్దితే లోకంలోని లెక్కలేనన్ని ఫైళ్ళలో తేదీలు ఒక రోజు జరిగిపోతాయి. అందుకే అలాగే ఉంచేశారు.

యూనికోడ్ పట్టికలోనూ ఇటువంటిది ఉంది. మన పక్కింటి లిపి కన్నడంలో ఒక ప్రాచీన అక్షరానికి పట్టికలో 'ఫ' అని పేరు పడింది. అది ఫ కాదు, పాత ద్రావిడ భాషల్లో ఉండే ఒక రకం ళకారం. తప్పని అందరికీ తెలుసు. కాని ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదని నియమం. తప్పే శాశ్వతమైంది.

పుటలు కూర్చే సాఫ్ట్‌వేరుకూ ఇదే భయం. మేస్త్రీని మారిస్తే పంక్తులు విరిగే చోటు మారవచ్చు. 300 పుటల పుస్తకం 303 పుటలు అయిందనుకోండి, విషయసూచిక మొత్తం తప్పు. పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చుకు ఇచ్చిన ప్రచురణకర్త ఊరుకుంటాడా? కాబట్టి ఉన్నది ఉన్నట్టే ఉంచి, కొత్తదాన్ని పక్కన ఒక మీటగా పెడతారు.

ఎవరి ఫిర్యాదు ముందు?

ఇంకో కారణం కూడా ఉంది. అది యంత్రాలది కాదు, మనుషులది.

పెద్ద సాఫ్ట్‌వేరుకు ఎప్పుడూ వేల కొద్దీ ఫిర్యాదులు క్యూలో ఉంటాయి. ఏది ముందు దిద్దాలి? ఎంతమందికి ఇబ్బంది, ఎంత పెద్ద ఇబ్బంది, దిద్దడానికి ఎంత పని అని చూసి వరుస పెడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు. కాని వారందరూ పుటలు కూర్చరు. కూర్చేవారిలో ఎంతమంది కంపెనీకి రాస్తారు? మన షాపు కుర్రవాణ్ణే చూడండి. పేరు విరిగింది. అతను రాయలేదు. పాత కంప్యూటరు ముందుకు కుర్చీ జరుపుకున్నాడు. అతని దగ్గర పక్కదారి ఉంది. శుభలేఖ సాయంత్రానికి ఇవ్వాలి, ఇంగ్లీషులో ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూసే తీరిక ఎక్కడిది? అతన్ని తప్పుపట్టలేం. అయితే ఎక్కడో దూరదేశంలో ఉన్న ఇంజనీరు బల్ల మీద మాత్రం "తెలుగులో ఫిర్యాదులు లేవు" అనే లెక్క కనిపిస్తుంది. పక్కదారి ఎంత బాగుంటే, లోపం అంతకాలం బతుకుతుందన్నమాట.

దీనికి సరిగ్గా ఎదురు కథ 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఆపిల్ ఫోన్లలో ఒక తెలుగు అక్షరం వస్తే చాలు, ఆ మెసేజిని చూపించే యాప్ కుప్పకూలిపోసాగింది. మళ్ళీ తెరిచినా మళ్ళీ కూలడమే. ఆ అక్షరం 'జ్ఞా'. మామూలు జ్ఞా కాదు, మధ్యలో ఒక కనిపించని గుర్తు ఉన్న జ్ఞా. దాని అంకె 8204. రెండు అక్షరాలను కలవకుండా విడిగా ఉంచడం దాని పని. 'సాఫ్ట్‌వేరు' అని రాసేటప్పుడు టకారం కింద వవత్తు పడకుండా పొల్లుగానే నిలబడాలంటే ఆ గుర్తే కావాలి. ఞకారానికీ దీర్ఘానికీ మధ్య దానికి ఏ పనీ లేదు. పని లేని చోట అది కనిపించేసరికి ఆపిల్ వారి మేస్త్రీ తికమకపడి చేతులెత్తేశాడు.

లోకమంతా గగ్గోలు. తెలుగు ఒక్క ముక్క రానివారు కూడా ఆ అక్షరాన్ని స్నేహితులకు పంపి ఫోన్లు కూలగొట్టి నవ్వుకున్నారు. పత్రికల నిండా అదే వార్త. కొద్దిరోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఆపిల్ సంస్థ దిద్దుబాటు విడుదల చేసింది. ఇదీ తెలుగు అక్షరం కూర్చడంలో వచ్చిన లోపమే, అదీ తెలుగు అక్షరం కూర్చడంలో వచ్చిన లోపమే. ఒకటి రోజుల్లో పోయింది. ఇంకొకటి ఏళ్ళు పట్టింది.

విసుగు పుట్టించిన సాఫ్ట్‌వేరు

అచ్చు పుటలు చూసి విసిగిపోయినవాళ్ళు మన షాపుల్లోనే లేరు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ నూత్ అనే గణక శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసే కళ మీద ఆయన రాసిన సంపుటాలు జగత్ప్రసిద్ధం. 1977లో రెండో సంపుటం కొత్త ముద్రణకు ప్రూఫులు వచ్చాయి. మొదటి ముద్రణ సీసపు అక్షరాలతో అచ్చయింది. ఈసారి కొత్త పద్ధతి. గణిత సూత్రాలన్నీ వికారంగా కనిపించాయి. ఆయనకు ఒళ్ళు మండింది. "తెర మీద ఏ చుక్క నల్లగా, ఏ చుక్క తెల్లగా ఉండాలో చెప్పడమే కదా, అది నా విద్యే" అనుకొని, పుటలు కూర్చే సాఫ్ట్‌వేరును తానే రాయడం మొదలుపెట్టాడు. ఏడాదిలో ముగుస్తుందనుకున్న పని పదేళ్ళకు పైగా పట్టింది. ఆ సాఫ్ట్‌వేరు పేరు టెక్. నేటికీ గణితం, భౌతికశాస్త్రం వ్యాసాలు ఎక్కువగా దానితోనే కూర్చుతారు.

అందులో తప్పు పట్టినవారికి నూత్ బహుమతి ప్రకటించాడు. మొదట 2 డాలర్ల 56 సెంట్లు. 256 సెంట్లు అన్నమాట, మన పాత ఫాంటు గదుల లెక్కే! తర్వాత ఏటేటా రెట్టింపు చేస్తూ 327 డాలర్ల 68 సెంట్ల దగ్గర ఆపాడు. ఎన్ని రెట్టింపులో మీరే లెక్కవేయండి. ఆయన సంతకం ఉన్న చెక్కును బ్యాంకులో వేసుకోకుండా దాచుకున్నవారే ఎక్కువ. దొరికిన ప్రతి తప్పునూ ఆయన పుస్తకంలో రాసిపెట్టి, 1989లో ఆ జాబితాను అందరికీ చూపిస్తూ వ్యాసంగా అచ్చువేశాడు. తన తప్పులను తానే అచ్చువేసుకున్న పెద్దమనుషులు అరుదు!

టెక్ వెర్షన్ల అంకెలు కూడా తమాషాగా ఉంటాయి. 3, తర్వాత 3.1, తర్వాత 3.14. దిద్దినప్పుడల్లా పై విలువలో ఒక అంకె చేరుతుంది. 2021లో దిద్దినప్పుడు 3.141592653 అయింది. తన మరణానంతరం వెర్షను అంకెను పై అని పెట్టేయమనీ, అప్పటికి మిగిలిన తప్పులను తప్పులు అనకుండా సాఫ్ట్‌వేరు లక్షణాలు అనాలనీ ఆయన చెప్పి ఉంచాడు.

ఇటువంటి పట్టుదల గలవారు మన వైపూ పనిచేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంటులు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బోద్ అనే ఇంజనీరు పెంచిన హార్ఫ్‌బజ్ అనే మేస్త్రీ అరబ్బీ, ఫారసీలతో పాటు తెలుగును కూడా కూర్చుతుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ ఫోను — అన్నిటిలోనూ ఉన్నది ఆ మేస్త్రీయే. ఉచితంగా దొరికే స్క్రైబస్ అనే పుటల సాఫ్ట్‌వేరుకు చాలాకాలం తెలుగు చేతకాలేదు. అందులో కూడా హార్ఫ్‌బజ్ చేరాక, 2024 ఆరంభంలో వచ్చిన 1.6 వెర్షను తెలుగు వత్తులను చక్కగా కూర్చుతోంది. ఒక్క మేస్త్రీ పని నేర్చుకుంటే ఊరంతా ఇళ్ళు లేచినట్టు.

ఫిర్యాదు రాయడం ఒక ప్రయోగం

ఇప్పుడు మళ్ళీ షాపుకు వద్దాం. మీరు కంపెనీకి ఫిర్యాదు రాయదలచుకున్నారు. "మీ సాఫ్ట్‌వేరులో తెలుగు సరిగా రావడం లేదు, ఎన్నిసార్లు చెప్పినా మీకు బుద్ధి లేదు" అని రాస్తే మనసు చల్లబడుతుందేమో గాని, చదివిన ఇంజనీరుకు ఏమీ తెలియదు. అతనికి తెలుగు రాదని గుర్తుపెట్టుకోండి. విరిగిన పేరు, అతికిన పేరు రెండూ అతని కంటికి ఒక్కలాగే ముగ్గుల్లా కనిపిస్తాయి.

కాబట్టి మీ సైన్సు టీచరు ప్రయోగశాలలో చెప్పిన పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ముందు ఫాంటు మార్చి చూడండి. పేరు అతుక్కుందా? అయితే తప్పు ఫాంటుది. లేదా? అదే మాటను అదే ఫాంటుతో ఇంకో సాఫ్ట్‌వేరులో కొట్టండి. అక్కడ బాగుందా? అయితే తప్పు మొదటి సాఫ్ట్‌వేరుది. తర్వాత మాటను చిన్నది చేయండి. శుభలేఖ మొత్తం పంపనక్కరలేదు. 'జ్యో' ఒక్కటే విరుగుతోందా, 'త్స్న' కూడానా? 'క్క' సంగతేమిటి? అన్ని వత్తులూ విరుగుతూంటే మేస్త్రీ రానే లేదు, మీట వెతకండి. రెండు వత్తులు ఉన్నప్పుడే విరుగుతూంటే మేస్త్రీ వచ్చాడు గాని అతనికి ఒక నియమం తెలియదు. ఈ రెండూ వేర్వేరు రోగాలు.

ఇక రాయవలసింది నాలుగు ముక్కలు. ఏ వెర్షను, ఏ ఫాంటు. ఏయే మీటలు ఏ వరుసలో నొక్కాను. ఏది వస్తుందనుకున్నాను, దాని బొమ్మ. ఏది వచ్చింది, దాని బొమ్మ. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే తెలుగు రానివాడు కూడా తేడా పట్టగలడు. మాట కింద దాని తొమ్మిది అంకెలు కూడా రాశారంటే ఆ ఇంజనీరు మీకు మనసులో దణ్ణం పెట్టుకుంటాడు.

మన కథలో కూడా అలాగే జరిగిందనుకోండి. మీరు 'క్క' కొట్టించి చూశారు. అదీ విరిగింది. మీటేనని తేలింది. కుర్రవాడూ మీరూ కలిసి జాబితాలన్నీ వెతికి దాన్ని పట్టుకున్నారు. నొక్కగానే జ్‌యోత్‌స్‌న కళ్ళముందే అతుక్కొని జ్యోత్స్న అయింది. కుర్రవాడు "ఓరి దీని!" అన్నాడు. ఆ జాబితా ఎక్కడుందో ఒక చీటీ మీద రాసి మానిటరు అంచున అంటించుకున్నాడు.

శుభలేఖ మాత్రం పాత కంప్యూటరు లోనే అచ్చయింది. నాన్నగారికి నచ్చిన వంపుల అక్షరాలు ఆ పాత ఫాంటులోనే ఉన్నాయి మరి.